ఫిల్టర్ మీద చిల్లులు

నేను సిగరెట్ మానేసి పదిహేడేళ్లు దాటింది. అంతకు ముందు పద్నాలుగేళ్లు కాల్చాను, అందులో చివరి ఆరేళ్లూ "లైట్స్" కాల్చాను, అదేదో సగం మానేసినట్టే లెక్క అనుకుంటూ. పెట్టె తెల్లగా, శుభ్రంగా, మందుల డబ్బాలా ఉండేది. పొగ గొంతులో అంతగా గీరుకునేది కాదు. డాక్టర్ అడిగితే "తగ్గించానండీ" అని ధైర్యంగా చెప్పేవాణ్ణి, ఆయన కూడా సరే మంచిదే అన్నట్టు తలూపేవారు.

ఆ లైట్స్ లోగుట్టు ఏంటో మానేశాక గానీ తెలీలేదు. ఫిల్టర్ చుట్టూ ఉండే కాగితాన్ని విప్పి వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే సూది మొనంత చిల్లులు వరసగా కనిపిస్తాయి. పీల్చినప్పుడు వాటిలోంచి మామూలు గాలి లోపలికొచ్చి పొగలో కలుస్తుంది. తారు ఎంత, నికోటిన్ ఎంత అని కొలిచే యంత్రం సిగరెట్‌ని చివరాఖర్న పట్టుకుని, నిమిషానికి ఇన్నిసార్లు అని లెక్క ప్రకారం పీలుస్తుంది. చిల్లులు తెరిచే ఉంటాయి కాబట్టి అంకె తక్కువొస్తుంది, ఆ అంకెనే పెట్టె మీద అచ్చేస్తారు. మనిషి అలా పీల్చడు కదా. వేళ్లో పెదాలో పోయి సరిగ్గా ఆ చిల్లుల మీదే పడతాయి, అప్పటికీ చాలకపోతే ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త సేపు లాగుతాడు, ఎందుకంటే ఒంటికి కావలసింది నికోటిన్, అది దొరికేదాకా ఒళ్లు ఊరుకోదు. నేనైతే ఫిల్టర్‌ని రెండు వేళ్ల మధ్య బిగించి, సరిగ్గా ఆ చిల్లుల దగ్గరే పట్టుకునేవాణ్ణి. అంటే ఆరేళ్లపాటు రోజూ ఆ చిల్లులు నా చేత్తో నేనే మూసుకుని, మామూలు సిగరెట్టే కాల్చాను.

2006లో అమెరికాలో గ్లాడిస్ కెస్లర్ అనే జడ్జి పెద్ద తీర్పిచ్చారు. ఈ లైట్స్ వల్ల ఒరిగేదేమీ లేదని కంపెనీలకి ముందే తెలుసు, తెలిసీ జనాన్ని మోసం చేశాయి అని. లైట్, మైల్డ్, లో టార్ లాంటి మాటలు వాడకూడదన్నారు. నేను అప్పటికింకా కాలుస్తూనే ఉన్నాను, ఈ వార్త నా కంట పడనే లేదు. యూరప్‌లో ఆ మాటల్ని 2003లోనే తీసేశారు, అమెరికాలో 2009 చట్టం వచ్చాక 2010లో పోయాయి. పోయి ఏమైంది? మాటల స్థానంలో రంగులొచ్చాయి. లైట్స్ కాస్తా గోల్డ్ అయింది, ఇంకా పల్చనిది సిల్వర్ అయింది. కొనేవాడికి ఒక్క క్షణం కూడా తికమక లేదు. సరుకు అదే, చిల్లులూ అవే.

పొగాకు నియంత్రణ గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఈ చిల్లులే గుర్తొస్తాయి. మనవాళ్లు దీన్నెప్పుడూ "నిషేధించాలా, వద్దా" అనే వాదన చేసేస్తారు. ఒకడు ప్రజారోగ్యం అంటాడు, ఇంకొకడు నా ఊపిరితిత్తులు నా ఇష్టం అంటాడు, టీవీ చర్చ అయిపోతుంది. అసలు ఆట వేరే చోట నడుస్తుందని నా అభిప్రాయం. మొదటి సిగరెట్ ఎవరికీ బాగోదు. దగ్గొస్తుంది, కళ్లమ్మట నీళ్లొస్తాయి, గొంతు గీరుకుపోతుంది. ఒంటికి ఉన్న కాపలా అది. ఆ గీరుడు లేకుండా చేయడానికే ఈ పరిశ్రమ బుర్రంతా ఖర్చు పెడుతుంది. చట్టం మాత్రం ఎక్కువసార్లు పెట్టె మీద ఏం రాశారో చూస్తూ కూర్చుంటుంది.

అలాగని పెట్టె చిన్న విషయం కాదు. ఆస్ట్రేలియా 2012 డిసెంబర్ నుంచి అన్ని బ్రాండ్‌లకీ ఒకే పెట్టె పెట్టించింది. బురద లాంటి ఒక ఆకుపచ్చ గోధుమ రంగు, దాన్ని ఊరికే ఎంచుకోలేదు, సిగరెట్ కాల్చేవాళ్లకి రకరకాల రంగులు చూపించి, అన్నిటికంటే అసహ్యంగా ఏదుంది అని అడిగి మరీ తేల్చారు. పేరు చిన్న అక్షరాల్లో, మిగతా అంతా జబ్బుల బొమ్మలు. కంపెనీలు ఆ దేశపు హైకోర్టుకి వెళ్లి ఓడిపోయాయి, అక్కడ హైకోర్టే అన్నిటికంటే పెద్ద కోర్టు. ఫిలిప్ మోరిస్ అయితే తన ఆస్ట్రేలియా వ్యాపారాన్ని హాంకాంగ్ కంపెనీ కిందికి మార్చుకుని, ఆస్ట్రేలియాకీ హాంకాంగ్‌కీ ఉన్న పెట్టుబడుల ఒప్పందం కింద కేసేసింది. చట్టం వస్తోందని ప్రకటించాక ఇలా మార్చుకున్నారు కాబట్టి ఇది హక్కుల దుర్వినియోగం అని 2015లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ దాన్ని తోసేసింది. ఇంకోపక్క కొన్ని దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థలో వేసిన కేసు 2020 దాకా సాగి, అదీ ఆస్ట్రేలియా వైపే తేలింది.

ఉరుగ్వే కథ నాకు ఇంకా ఇష్టం. జనాభా ముప్పై అయిదు లక్షలు కూడా లేని దేశం. అప్పటి అధ్యక్షుడు తబారే వాస్కెజ్ స్వయంగా క్యాన్సర్ డాక్టర్. పెట్టెలో 80 శాతం హెచ్చరికలే ఉండాలన్నారు, దాంతో పాటు ఒక బ్రాండ్ పేరు మీద ఒకే ఒక్క రకం అమ్మాలన్నారు. ఈ రెండో రూలు చూడండి, గోల్డ్, సిల్వర్, బ్లూ ఆట మొత్తం ఒక్క దెబ్బకి కట్టయిపోయింది. ఎవరో నాలాగా పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చూసినట్టున్నారు. ఫిలిప్ మోరిస్ అక్కడా కేసేసి 2016లో ఓడిపోయి, ఉరుగ్వేకి కోర్టు ఖర్చుల కింద 70 లక్షల డాలర్లు కట్టాల్సొచ్చింది. అయితే ఒక మాట. ఆ కేసు నడిచిన ఆరేళ్లూ ఇలాంటి చట్టం తేవాలనుకున్న చిన్న దేశాలు మనకెందుకొచ్చిన గొడవ అని ఎదురు చూస్తూ ఉండిపోయే పరిస్థితి. ఓడిపోయే కేసుకి కూడా లాభం ఉంటుంది మరి.

గీరుడు దగ్గరికే మళ్లీ వస్తాను. మెంథాల్. దగ్గు మందుల్లో ఉండే చల్లదనమే, సిగరెట్లో వేస్తే పొగ మంట తెలీదు, కొత్తగా మొదలుపెట్టేవాడికి మెత్తగా దిగుతుంది. 2009లో అమెరికా పండ్ల రుచులూ, చాక్లెట్ రుచులూ సిగరెట్లలో ఉండకూడదని చట్టం చేసింది, మెంథాల్‌ని మాత్రం వదిలేసింది. నిజానికి జనం కొనేది మెంథాలే, మిగతా రుచుల అమ్మకాలు పెద్దగా లేవు. 2022లో మెంథాల్ కూడా తీసేస్తామని అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది, అది నానుతూ నానుతూ 2025 జనవరిలో వెనక్కి పోయింది. కెనడా 2017లో దేశమంతా తీసేసింది, యూరోపియన్ యూనియన్ 2020 మేలో తీసేసింది. యూరప్‌లో ఆ రూలు రాగానే బజార్లోకి సన్నటి అట్టముక్కలొచ్చాయి, మెంథాల్ వాసన పట్టించినవి. పెట్టెలోకి దూర్చి కాసేపుంచితే సిగరెట్లకి చల్లదనం పట్టేస్తుంది. అట్టముక్క పొగాకు కాదు కదా, చట్టం దాన్నేమీ అనదు. నాకైతే చదివినప్పుడు కోపం రాలేదు, ఒకరకంగా ముచ్చటేసింది, ఈ తెలివి ఇంకెక్కడైనా పెడితే ఎంత బాగుండును అని.

పన్ను సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే అన్నిటికంటే బాగా పనిచేసేది అదే. ధర పది శాతం పెరిగితే ధనిక దేశాల్లో వాడకం 4 శాతం దాకా, మిగతా దేశాల్లో 5 శాతం దాకా తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పిల్లల దగ్గర డబ్బు తక్కువ కాబట్టి వాళ్ల మీద ఇంకా ఎక్కువ పనిచేస్తుంది. ఫిలిప్పీన్స్ 2012లో సిగరెట్ల మీదా మద్యం మీదా పన్ను గట్టిగా పెంచి, వచ్చిన డబ్బులో పెద్ద భాగం పేదల ఆరోగ్య బీమాకి మళ్లించింది. బానే ఉంది. చిక్కేంటంటే ఆ ఆదాయానికి ప్రభుత్వాలు కూడా అలవాటు పడిపోతాయి, నేను పొద్దున్నే కాఫీతో మొదటి సిగరెట్‌కి అలవాటు పడినట్టే. చైనాలో సిగరెట్ కంపెనీ ప్రభుత్వానిదే, ప్రపంచంలో అన్నిటికంటే పెద్దది. జపాన్ టొబాకోలో మూడో వంతుకి పైగా వాటా ప్రభుత్వం దగ్గరే ఉండాలని ఆ దేశంలో చట్టమే ఉంది. ఒక చేత్తో హెచ్చరిక బొమ్మ అతికించి, ఇంకో చేత్తో డివిడెండ్ తీసుకోవడమన్నమాట.

న్యూజిలాండ్‌లో జరిగింది అదే. 2022 డిసెంబర్‌లో వాళ్లు చేసిన చట్టం లాంటిది అప్పటిదాకా ఎక్కడా లేదు. 2009 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి జీవితాంతం సిగరెట్లు అమ్మకూడదు, ఆరు వేల దాకా ఉన్న దుకాణాలు ఆరు వందలకి తగ్గాలి, సిగరెట్లో నికోటిన్ వ్యసనం పట్టనంత తక్కువకి దించేయాలి. అందరూ మొదటి సంగతే మాట్లాడుకున్నారు, నాకు మూడోదే అసలైన దెబ్బ అనిపించింది. చిల్లులు మూసుకున్నా, గట్టిగా లాగినా, లోపల సరుకే లేకపోతే లాగి ఏం చేస్తాం? అది అమల్లోకి రాకముందే ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరిలో మొత్తం రద్దు చేసేశారు. సిగరెట్ల మీద వచ్చే ఆదాయం పన్ను తగ్గింపులకి పనికొస్తుందని కొత్త ఆర్థిక మంత్రి పైకే చెప్పారు. దాపరికం లేదు, ఆ మేరకు మెచ్చుకోవచ్చు. పుట్టిన తేదీ పద్ధతిని బ్రిటన్ కూడా అదే 2009 తేదీతో ఎత్తుకుంది, మాల్దీవులు 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి 2025 నవంబర్ నుంచి అమలే చేసేసింది.

పూర్తి నిషేధం మీద మాత్రం నాకు నమ్మకం లేదు. భూటాన్ 2004లో అమ్మకం ఆపేసింది, 2010లో చట్టం ఇంకా బిగించింది, ఆ మరుసటి ఏడాది కొద్దిపాటి నమిలే పొగాకుతో దొరికిన ఒక కుర్ర సన్యాసికి మూడేళ్ల జైలు వేసింది. చివరికి కోవిడ్ వచ్చి, దొంగ సరుకు కోసం సరిహద్దు దాటేవాళ్లతో జబ్బు కూడా వచ్చేస్తోందని 2021లో తనే అమ్మకాలు తెరిచింది. దక్షిణాఫ్రికా కోవిడ్ లాక్‌డౌన్‌లో అయిదు నెలల దగ్గర సిగరెట్ల అమ్మకం ఆపింది. మానేసింది కొందరే, మిగతావాళ్లు రెండు మూడు రెట్లు పెట్టి దొంగతనంగా కొనుక్కున్నారు. నాకు అర్థమవుతుంది. రాత్రి పదకొండింటికి పెట్టె ఖాళీ అయితే, యాష్‌ట్రేలో ఉన్న పీకల్లో కాస్త పొడుగ్గా ఉన్నది ఏరుకుని వెలిగించినవాణ్ణి నేను. అలాంటివాడి ముందు గెజిట్ నోటిఫికేషన్ పెడితే ఏం చేస్తాడు? పన్నుకి కూడా ఒక హద్దు ఉన్నట్టే ఉంది. ఆస్ట్రేలియాలో పన్ను పెంచీ పెంచీ ఇప్పుడు దొంగ సిగరెట్ల వ్యాపారం ముఠాల చేతుల్లోకి పోయింది, మెల్‌బోర్న్‌లో దుకాణాలు తగలబెట్టుకునేదాకా వచ్చింది. పన్ను తప్పని కాదు, తనిఖీ లేకుండా పన్ను ఒక్కటే పెంచుకుంటూ పోతే కుదరదని.

మరి నేనెలా మానేశాను? హెచ్చరిక బొమ్మలు చూసి కాదు. ఆఫీసులో పొగ తాగే గది ఎత్తేశారు. ముందు వరండాలోకి పొమ్మన్నారు, తర్వాత వరండా కూడా కాదన్నారు, నాలుగంతస్తులు దిగి గేటు బయటికెళ్లాలి. ఐర్లాండ్ 2004లో పబ్బులతో సహా పనిచేసే చోటల్లా పొగ మాన్పించాక ఆ గాలి దేశదేశాలకీ పాకింది, నా నాలుగో అంతస్తుకీ వచ్చిందన్నమాట. రోజుకి పద్దెనిమిది కాల్చేవాణ్ణి తొమ్మిదికి దిగాను, సంకల్పం ఏమీ లేదు, మోకాళ్ల నొప్పులు. ఆ తొమ్మిది నుంచి సున్నాకి రావడానికి మాత్రం నికోటిన్ గమ్ కావలసొచ్చింది. ఆ గమ్ డబ్బా కొన్న రోజు నాకు బాగా గుర్తు. లోపల మడతలు మడతలుగా ఒక కాగితం, రోజుకి ఇన్నే నమలాలి, నమిలి చిగురు పక్కన పెట్టుకోవాలి, గుండె జబ్బుంటే డాక్టర్ని అడగాలి, ఇన్ని వారాల తర్వాత తగ్గించాలి. నేను పద్నాలుగేళ్లు కాల్చిన సిగరెట్ పెట్టెలో ఏ కాగితమూ లేదు. దాన్ని ఎవరూ మందులాగా పరీక్షించలేదు, రోజుకి ఎన్ని అని చెప్పలేదు. మనిషిని బయట పడేసే వస్తువుకి బోలెడన్ని షరతులు, ముంచేదానికి ఒక బొమ్మ!

ఇక్కడే చాలామందికి నా మాట నచ్చదు. మనిషిని చంపేది ప్రధానంగా కాలడం వల్ల వచ్చే పొగ, అందులో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్, డెబ్బై దాకా ఉన్న క్యాన్సర్ కారకాలు. నికోటిన్ కట్టిపడేస్తుంది, చంపే పని ఎక్కువగా పొగ చేస్తుంది. స్వీడన్‌లో జనం స్నూస్ అనే పొగాకు పొట్లాన్ని పెదవి కింద పెట్టుకుంటారు. యూరోపియన్ యూనియన్‌లో మిగతా అన్నిచోట్లా దాని అమ్మకం నిషేధం, ఆ రూలు 1992లోనే వచ్చింది, స్వీడన్ 1995లో యూనియన్‌లో చేరేటప్పుడు ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకుంది. ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌లో సిగరెట్ కాల్చేవాళ్లు అందరికంటే తక్కువున్నది అక్కడే, మగవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా చాలా తక్కువ. స్నూస్ మంచిదని అనను, నోట్లో పెట్టుకుని నమిలే పొగాకుల్లో నోటి క్యాన్సర్ తెచ్చేవి చాలా ఉన్నాయి, అన్నిటినీ స్నూస్ గాటన కట్టకూడదు కూడా. కానీ సిగరెట్‌ని అమ్ముకోనిచ్చి, దానికంటే తక్కువ ముప్పున్నదాన్ని నిషేధించడం నాకు తలకిందులుగా కనిపిస్తుంది. భారత్ 2019లో ఈ-సిగరెట్ల (పొగాకు కాల్చకుండా నికోటిన్ ద్రవాన్ని ఆవిరి చేసి పీల్చేవి) తయారీ నుంచి అమ్మకం దాకా మొత్తం ఆపేసింది, సిగరెట్లు యథాతథం. బ్రిటన్ దానికి పూర్తిగా ఎదురు, సిగరెట్ మానడానికి పది లక్షల మందికి ఉచితంగా వేప్ కిట్లు, అంటే ఈ-సిగరెట్లే, ఇస్తామని 2023లో ప్రకటించింది. ఆస్ట్రేలియా 2024లో వాటిని మందుల షాపులకి పరిమితం చేసింది. ఒకే వస్తువు, ఒకచోట నేరం, ఒకచోట చికిత్స.

ఇదంతా నాలాంటి నలభై దాటి మానలేక తిప్పలు పడేవాడి సంగతి. ఎప్పుడూ కాల్చని పిల్లల దగ్గరికొచ్చేసరికి నా వాదన నాకే ఇబ్బంది. 2015లో అమెరికాలో జూల్ అనే ఈ-సిగరెట్ వచ్చింది, చూడ్డానికి పెన్‌డ్రైవ్ లాంటిది. దాంట్లో నికోటిన్‌కి ఒక ఆమ్లం కలిపి లవణంగా మార్చారు, అలా చేస్తే నికోటిన్ ఎంత ఎక్కువున్నా గొంతులో గీరుకోదు. మళ్లీ అదే! చిల్లులు, మెంథాల్, ఇప్పుడు లవణం. మూడు నాలుగేళ్లలో హైస్కూలు పిల్లల్లో అంటుకుపోయింది. ఇక పొగాకు చెట్టుతో పనిలేకుండా ల్యాబులో చేసిన నికోటిన్ వాడి, ఇది పొగాకు ఉత్పత్తే కాదు, మీ చట్టం మాకు వర్తించదు అన్నవాళ్లూ వచ్చారు, 2022లో చట్టం మార్చి ఆ దారి మూస్తే గానీ ఎఫ్‌డీఏ చేతికి చిక్కలేదు.

పోయిన నెల అక్క కొడుకు మా ఇంట్లో నాలుగు రోజులున్నాడు. పంతొమ్మిదేళ్లవాడు. వాడు లేచి వెళ్లాక సోఫా సందులో హైలైటర్ పెన్ లాంటిదొకటి దొరికింది, లేత గులాబీ రంగు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుచ్చకాయ వాసన. పిలిచి చేతిలో పెట్టాను. ఏమీ అనలేదు, నేను ఎవణ్ణి అనడానికి.

"అమ్మకి చెప్పకు మామయ్యా. ఇందులో పొగాకే లేదు."

"నికోటిన్ ఉందిగా?"

"కొంచెమే."

"కొంచెమంటే ఎంతరా?"

తెలీదు వాడికి. బ్యాగులోంచి అట్టపెట్టె తెచ్చాడు. ముందు పెద్ద పుచ్చకాయ ముక్క బొమ్మ, వెనక చీమ కాళ్లంత అక్షరాలు. కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ టార్చ్ వేసి చదివితే మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు, మొత్తం 2 మిల్లీలీటర్లు. అంటే 40 మిల్లీగ్రాములు. నా గమ్ ఒక్కోదాంట్లో 2 మిల్లీగ్రాములుండేది. ఒంట్లోకి వెళ్లేది రెండింట్లోనూ ఒకేలా ఉండదు, సరే, అయినా ఇరవై గమ్ముల సరుకు.

"ఇది ఎన్నాళ్లొస్తుంది?"

"రెండ్రోజులు. ఒక్కోసారి రెండ్రోజులు కూడా రాదు." కాసేపాగి, "కానీ సిగరెట్‌లా కాదు మామయ్యా, గొంతులో అస్సలు తెలీదు, స్మూత్‌గా ఉంటుంది" అన్నాడు.

డాక్టర్ ముందు కూర్చుని "తగ్గించానండీ" అన్న నా గొంతే వినిపించింది. ఫిల్టర్ చిల్లుల కథ చెప్పాను, వింటున్నట్టే విన్నాడు, మధ్యలో ఫోన్ చూసుకున్నాడు. మా అక్కకి ఇప్పటిదాకా చెప్పలేదు, చెప్పాలా వద్దా తేలట్లేదు. ఆ వేప్ మాత్రం నా దగ్గరే వదిలేసి వెళ్లాడు. చెత్తబుట్టలో పడేయకూడదట, లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, బ్రిటన్ 2025 జూన్‌లో వాడిపారేసే వేప్‌లు అమ్మకుండా ఆపడానికి ఒక కారణం ఆ చెత్త గొడవే. అందుకే టేబుల్ సొరుగులో పడేశాను, ఎప్పటిదో పాత గమ్ డబ్బా పక్కన. నిన్న పెన్ను కోసం వెతుకుతూ చేయి తగిలితే దాని కొసన చిన్న నీలం లైటు వెలిగింది.